మనోస్థైర్యం ఎవరిది? శ్రామికులు, సమూహాలు, ఆత్మగౌరవం

'మనోస్థైర్యం' అనే మాట పత్రికల్లో తరచుగా కనపడుతుంది. ఎవరి గురించి వాడుతున్నారో కాస్త గమనించండి. ఎన్‌కౌంటర్ మీద విచారణ జరపాలని ఎవరన్నా అడిగితే పోలీసుల మనోస్థైర్యం దెబ్బతింటుందంటారు. లంచం తిన్న అధికారి మీద చర్య తీసుకుంటే ఉద్యోగుల మనోస్థైర్యం కుంగిపోతుందంటారు. వరసగా రెండు మ్యాచ్‌లు ఓడితే క్రికెట్ జట్టు మనోస్థైర్యం గురించి పేజీలు నింపుతారు. తెల్లవారుజామున ఐదు గంటలకు మస్టరు పాయింటు దగ్గర నిలబడి, మేస్త్రీ చేత నాలుగు మాటలు పడి, చేతికి తొడుగు లేకుండా మురిక్కాలవలోకి దిగే మనిషి మనోస్థైర్యం గురించి మాత్రం ఎవరూ రాయరు. ఆ మనిషికి మనసు లేదనా? లేక ఆ మనసు కుంగినా ఎవరికీ నష్టం లేదనా?

ఈ మాటకు అసలు అర్థమేమిటి, శ్రామికుల విషయంలో దాన్ని ఎట్లా వాడుకున్నారు, దళిత సమూహాల అనుభవం నుంచి చూస్తే దాని అర్థం ఎట్లా మారుతుంది అనేవి ఈ వ్యాసంలో చూద్దాం. ఇది మాటల చర్చ కాదు. ఒక పోరాటం ఎందుకు నిలబడింది, ఇంకొకటి ఎందుకు నీరుగారిపోయింది అనే ప్రశ్న దీనితో ముడిపడి ఉంది.

మాటకు అర్థం

మనోస్థైర్యాన్ని మూడు వేరే విషయాలతో కలిపి గందరగోళం చేస్తుంటారు. మొదటిది ధైర్యం. ధైర్యం ఒక మనిషికి ఉండే గుణం. ఊళ్ళో ఒక్కడికి గుండె ధైర్యం ఉన్నంత మాత్రాన వాడకంతటికీ మనోస్థైర్యం ఉన్నట్టు కాదు. రెండోది సంతృప్తి. దొరికినదానితో సర్దుకుపోయేవాడు సంతృప్తిగానే కనపడతాడు. కానీ కష్టం వచ్చినప్పుడు పక్కవాడి కోసం నిలబడకపోవచ్చు. మూడోది విధేయత. చెప్పిన పని చెప్పినట్టు చెయ్యటం భయం వల్ల కూడా జరుగుతుంది. వెట్టిచాకిరీలో విధేయతకు కొదవ లేదు. దాన్ని మనోస్థైర్యమని ఎవరూ అనరు గదా.

మనోస్థైర్యం ఒక సమూహానికి సంబంధించిన విషయం. అందరం అనుకున్న ఒక లక్ష్యం ఉంది, అది సాధ్యమే, దానికోసం కష్టపడితే నా పక్కనున్నవాడు నన్ను విడిచిపెట్టి పోడు అనే నమ్మకం పదిమందిలో ఉమ్మడిగా ఉంటే దాన్ని మనోస్థైర్యం అనొచ్చు. మన వాడల్లో దీనికి పుస్తకాల మాట లేకపోయినా సొంత మాటలున్నాయి. 'వాళ్ళది కట్టు', 'ఒక్క మాట మీద ఉన్నారు' అంటారు. అది పోయినప్పుడు 'గుండె జారిపోయింది', 'ఎవరికి వాళ్ళయిపోయారు' అంటారు. ఈ చివరి మాటలో చాలా అర్థముంది. మనోస్థైర్యం పోవటమంటే మనుషులు బలహీనులైపోవటం కాదు, ఎవరికి వాళ్ళయిపోవటం.

కర్మాగారంలోకి వచ్చిన మాట

ఈ భావన మొదట సైన్యాలది. ఆయుధాలు సమానంగా ఉన్నా ఒక దళం నిలబడి ఇంకొకటి చెదిరిపోవటానికి కారణం వెతుకుతూ సేనానులు దీన్ని వాడారు. తర్వాత కర్మాగారాల యజమానులు అందుకున్నారు. అమెరికాలో షికాగో పక్కన హాథార్న్ అనే చోట వెస్టర్న్ ఎలక్ట్రిక్ కంపెనీకి టెలిఫోన్ పరికరాల కర్మాగారం ఉండేది. 1924 నుంచి 1932 దాకా అక్కడ పరిశోధనలు జరిగాయి. మొదట దీపాల వెలుగు మారిస్తే ఉత్పత్తి మారుతుందా అని చూశారు. వెలుగుకూ ఉత్పత్తికీ నేరుగా సంబంధం దొరకలేదు. 1927లో కొద్దిమంది స్త్రీ కార్మికులను ఒక ప్రత్యేక గదిలో కూర్చోబెట్టి, పని మధ్యలో విరామాలిచ్చి, పనిగంటలు మార్చి, చిన్న బృందం లెక్కన కూలి కట్టి చూశారు. ఉత్పత్తి పెరుగుతూ పోయింది. తమను ఎవరో పట్టించుకుంటున్నారనే భావన, బృందంలో ఏర్పడిన స్నేహం దీనికి కారణమని ఎల్టన్ మేయో వంటివాళ్ళు వ్యాఖ్యానించారు. మేనేజిమెంటు చదువుల్లో ఇప్పటికీ ఇదే మొదటి పాఠం.

పాఠంలో అంతగా చెప్పని సంగతులు రెండున్నాయి. ఒకటి, ఆ గదిలో మాటలు ఎక్కువయ్యాయని, సహకరించటం లేదని ఇద్దరు స్త్రీలను మధ్యలోనే తీసేసి వేరేవాళ్ళను పెట్టారు. స్నేహపూరిత వాతావరణం తయారయింది ఇట్లా ఏరివేసిన తర్వాతే. రెండోది, 1931-32లో 14 మంది పురుష కార్మికులున్న ఇంకో గదిని గమనించారు. అక్కడ కార్మికులు తమలో తాము రోజుకు ఇంత పని అని ఒక లెక్క పెట్టుకున్నారు. దాన్ని దాటి పరుగులు తీసేవాడిని ఎగతాళి చేసేవాళ్ళు, భుజం మీద ఒక దెబ్బ కూడా వేసేవాళ్ళు. మేస్త్రీకి చాడీలు చెప్పేవాడిని దగ్గరకు రానిచ్చేవాళ్ళు కాదు. అది ఆర్థిక మాంద్యం నడుస్తున్న కాలం. ఎక్కువ పని చేస్తే రేటు తగ్గిస్తారని, కొందరిని ఇంటికి పంపిస్తారని వాళ్ళ భయం.

యాజమాన్యం కళ్ళతో చూస్తే ఆ 14 మందికి మనోస్థైర్యం తక్కువ, ఎందుకంటే ఉత్పత్తి పెరగలేదు. వాళ్ళ పక్కన కూర్చుని చూస్తే అక్కడున్నది గట్టి మనోస్థైర్యమే. ఒకరినొకరు కాపాడుకునే కట్టు అది. కాబట్టి ఈ మాట ఎక్కడ వినపడినా ఒక ప్రశ్న అడగాలి. ఏ లక్ష్యం కోసం? ఎవరి లక్ష్యం కోసం?

కులం ముందే పుచ్చుకున్నది

హాథార్న్ పరిశోధకులు అడగవలసిన అవసరం రాని ప్రశ్న ఒకటి మన దేశంలో ఉంది. పుట్టకముందే పని నిర్ణయమైపోతే ఆ పని మీద మనసు ఎట్లా నిలుస్తుంది? అంబేద్కర్ 1936లో 'కుల నిర్మూలన'లో ఈ ప్రశ్నే వేశాడు. కులం పని విభజన మాత్రమే కాదు, పనిచేసేవాళ్ళ విభజన అన్నాడు. అంతటితో ఆగలేదు. నీచమని ముద్రవేసిన పనుల్లోకి మనుషుల్ని నెట్టి, ఆ పని చేస్తున్నందుకే వాళ్ళను అసహ్యించుకునే వ్యవస్థలో, మనిషికి పని మీద విరక్తి తప్ప ఇంకేమీ కలగదని వాదించాడు. మనసు, బుద్ధి రెండూ లగ్నం కాని చోట పనితనం ఎట్లా వస్తుందని నిలదీశాడు. ఆర్థిక దృష్టితో చూసినా కులం హానికరమని చెప్పటానికి ఆయన చూపిన కారణం ఇది. ఇవాళ మనోస్థైర్యమని మనం పిలిచేది ఆయన తేల్చిచూపిన ఆ విషయాన్నే.

ఆయన దీన్ని పుస్తకాల్లో చదివి చెప్పలేదు. బొంబాయి బట్టల మిల్లుల్లో మంచి కూలి దొరికే నేత విభాగంలోకి అంటరాని కార్మికులను రానిచ్చేవాళ్ళు కాదు. నాడెలో దారం అయిపోయినప్పుడు కొత్త దారాన్ని నోటితో పీల్చి కన్నంలోంచి లాగాలి. దళితుడు నోరు పెట్టిన నాడెను తాము ముట్టుకోమని సవర్ణ కార్మికుల పట్టు. వాళ్ళంతా ఒకే మిల్లులో కూలివాళ్ళు, ఒకే సమ్మెలో పస్తులున్నవాళ్ళు. 1928 మిల్లు సమ్మె సమయంలో నేత విభాగం తలుపులు అందరికీ తెరవాలనేది కూడా సమ్మె కోరికల్లో చేర్చాలని అంబేద్కర్ పట్టుబట్టాడు. నాయకులు ఇష్టం లేకుండానే ఒప్పుకున్నారు.

1938 ఫిబ్రవరిలో మన్మాడ్‌లో అస్పృశ్య రైల్వే కార్మికుల మహాసభలో ఆయన ఇంకో ఉదాహరణ చెప్పాడు. రైల్వేలో దళితుడు గ్యాంగ్‌మన్‌గానే ఉండిపోతాడు, పోర్టరు కూడా కాలేడు. పోర్టరు స్టేషన్ మాస్టరు ఇంట్లో పనులు కూడా చెయ్యాలి, అంటరానివాడు ఆ ఇంట్లోకి పోలేడు కాబట్టి! కార్మికులకు శత్రువులు ఇద్దరు, బ్రాహ్మణవాదం, పెట్టుబడిదారీ విధానం అని ఆయన అన్నది ఈ సభలోనే. ఐక్యతకు ఆయన వ్యతిరేకి అని ప్రచారం చేసినవాళ్ళున్నారు. అదే ఏడాది నవంబర్ 7న పారిశ్రామిక వివాదాల బిల్లుకు వ్యతిరేకంగా కమ్యూనిస్టులతో కలిసి సమ్మె నడిపింది ఆయన స్థాపించిన ఇండిపెండెంట్ లేబర్ పార్టీయే. కలవటానికి ఆయన పెట్టిన షరతు ఒక్కటే: నా నోరు తగిలిన నాడెను నువ్వు ముట్టుకోవాలి. ఆ షరతు తీరకుండా వచ్చే ఐక్యతలో దళిత కార్మికుడికి మనోస్థైర్యం రాదు. సమ్మె అయిపోయిన మర్నాడు తను మళ్ళీ అంటరానివాడే అని అతనికి తెలుసు గనక.

మెంఫిస్ చెత్త కార్మికులు

ఇది మన దేశానికే పరిమితమైన అనుభవం కాదు. అమెరికాలో మెంఫిస్ నగరంలో చెత్త ఎత్తే కార్మికులు దాదాపు అందరూ నల్లవాళ్ళు. చెత్తనీళ్ళు కారే తొట్లను నెత్తిన, భుజాన మోసేవాళ్ళు. ఫుల్‌టైము పనిచేసినా ప్రభుత్వ సహాయం మీద ఆధారపడేంత తక్కువ జీతాలు. 1968 ఫిబ్రవరి 1న వాన పడుతుంటే ఇద్దరు కార్మికులు లారీ వెనక చెత్త వేసే భాగంలో తలదాచుకున్నారు. చెత్తను నొక్కే యంత్రం దానంతటదే కదిలి ఇద్దర్నీ నలిపేసింది. ఫిబ్రవరి 12న సుమారు 1300 మంది పని మానేశారు. యూనియన్‌ను గుర్తించేది లేదని మేయర్ మొండికేశాడు.

ఆ సమ్మెలో వాళ్ళు పట్టుకున్న అట్టల మీద జీతం లెక్క లేదు. 'నేను మనిషిని' అనే అర్థం వచ్చే నాలుగు ఇంగ్లీషు మాటలున్నాయి. ఆ సమ్మెకు మద్దతుగా వచ్చిన మార్టిన్ లూథర్ కింగ్‌ను ఏప్రిల్ 4న అక్కడే కాల్చి చంపారు. ఏప్రిల్ 16న నగరపాలన యూనియన్‌ను గుర్తించి, జీతాలు పెంచి, ఒప్పందం చేసుకుంది. అరవై రోజులకు పైగా చేతిలో డబ్బులేని మనుషులు ఎట్లా నిలబడ్డారు? ఆత్మగౌరవం అనే లక్ష్యం ఒకవైపు, చర్చీలలో పోగుచేసిన బియ్యం, పప్పు, చందాలు ఇంకోవైపు అనుకుంటే పొరపాటు. ఆ రెండూ ఒకటే. సాయంత్రం పిల్లలకు తిండి ఉందనే భరోసా లేకుండా ఆత్మగౌరవ నినాదం ఎక్కువరోజులు నిలవదు. ఆత్మగౌరవం లేకుండా వచ్చిన బియ్యం దానమవుతుంది.

కారంచేడు, చుండూరు నేర్పింది

మన దగ్గరికొద్దాం. 1985 జులైలో కారంచేడులో మంచినీళ్ళ చెరువు దగ్గర నీళ్ళు పాడుచెయ్యొద్దన్నందుకు తనమీదికొచ్చిన కమ్మ యువకుల మీదికి మున్నంగి సువార్త కడవ ఎత్తింది. మర్నాడు, జులై 17న, మాదిగపల్లె మీద దాడి జరిగింది. ఆరుగురు చనిపోయారు. బతికినవాళ్ళు చీరాల చేరుకున్నారు. భయపడి పరిగెత్తిన మనుషులు అక్కడితో చెదిరిపోతారని దాడి చేసినవాళ్ళ అంచనా. అట్లా జరగలేదు. చీరాల శిబిరం ఒక కేంద్రమయింది. అదే ఏడాది సెప్టెంబర్ 1న దళిత మహాసభ ఏర్పడింది. తమను చంపినవాళ్ళ పొలాలకు మళ్ళీ కూలికి పోమని వాళ్ళు తీసుకున్న నిర్ణయం ఒక సమ్మె లాంటిదే. ఈ సమ్మెలో కోరిక జీతం పెంపు కాదు. ఆ పాత సంబంధమే వద్దనటం.

చుండూరులో 1991 ఆగస్టు 6న ఎనిమిదిమందిని చంపారు. దానికి ముందు సాంఘిక బహిష్కారం నడిచింది. కూలికి పిలవరు. మనోస్థైర్యాన్ని దెబ్బతియ్యటానికి భూస్వామి చేతిలో ఉన్న పాత ఆయుధం ఇది. కత్తికంటే ముందు కంచం మీద కొడతాడు. చుండూరు దళితులు పట్టుబట్టి సాధించింది ఒకటుంది. అత్యాచారాల నిరోధక చట్టం కింద ప్రత్యేక కోర్టు చుండూరులోనే కూర్చుంది. ఇది చిన్న విషయంగా కనపడుతుంది. కోర్టు ఎక్కడో పట్నంలో ఉంటే సాక్షికి ప్రతి వాయిదాకీ బస్సు ఛార్జీ కావాలి, ఒకరోజు కూలి పోతుంది, కోర్టు వరండాలో నిందితుల మనుషుల మధ్య ఒంటరిగా నిలబడాలి. పదేళ్ళు ఇట్లా తిరిగితే ఎవరి గుండెయినా జారుతుంది. కోర్టు ఊళ్ళోకి వస్తే సాక్షి తనవాళ్ళ మధ్య నుంచి నడిచిపోయి మాట చెప్తాడు. మనోస్థైర్యం గుండెలో ఉంటుందనుకుంటాం. దానిలో సగం బస్సు ఛార్జీలో ఉంటుంది.

2007 జులై 31న ఆ కోర్టు 21 మందికి యావజ్జీవ శిక్ష, 35 మందికి ఏడాది శిక్ష వేసింది. 2014 ఏప్రిల్‌లో హైకోర్టు ఆ శిక్షలను కొట్టేసింది. సంఘటనకూ మొదటి తీర్పుకూ మధ్య 16 ఏళ్ళు. ఆ 16 ఏళ్ళలో ఎంతమంది సాక్షులకు డబ్బు ఆశ, భయం చూపి ఉంటారో ఊహించవచ్చు. అయినా సాక్ష్యం చెప్పారు. హైకోర్టు తీర్పు తర్వాత 'ఏం సాధించారు?' అని అడిగేవాళ్ళకు ఒక సమాధానముంది. న్యాయం ఇచ్చేది కోర్టు. నిలబడేది మనుషులు. రెండోది ఓడిపోలేదు.

పూలదండలు, చేతి తొడుగులు

పైనుంచి మనోస్థైర్యం నింపే ప్రయత్నాలు కూడా మనం చూస్తున్నాం. 2019 ఫిబ్రవరిలో ప్రయాగ్‌రాజ్ కుంభమేళాలో ప్రధానమంత్రి ఐదుగురు పారిశుధ్య కార్మికుల కాళ్ళు కడిగారు. 2020లో కరోనా కాలంలో వీధులూడ్చేవాళ్ళ మీద పూలు చల్లారు, మెడలో దండలు వేశారు. చేసినవాళ్ళందరి మనసులో కపటం ఉందని అనటం లేదు. కానీ పాకీ పని పవిత్రమైన సేవ అని పొగిడే అలవాటు పాతది. ఆ పని అంత గొప్పదైతే అంటరానివాళ్ళకే ఎందుకు, మిగతావాళ్ళకు ఎందుకు చెప్పరని గాంధీ మీద విమర్శలో అంబేద్కర్ 1945లోనే అడిగాడు. కోస్తాలో రెల్లివాళ్ళు, హైదరాబాదులో మెహతర్లు తరాలుగా అదే పనిలో ఎందుకున్నారో ఏ పూలదండా చెప్పదు.

మనుషుల చేత మలం ఎత్తించటాన్ని నిషేధిస్తూ 1993లో ఒక చట్టం, 2013లో ఇంకో చట్టం వచ్చాయి. మురుగు గుంటల్లో చనిపోయినవాళ్ళ కుటుంబాలకు 10 లక్షలివ్వాలని 2014 మార్చిలో, 30 లక్షలివ్వాలని 2023 అక్టోబర్‌లో సుప్రీంకోర్టు చెప్పింది. అయినా మరణాల వార్తలు ఆగలేదు. ఆ వార్తల్లో ఒక విషయం పదేపదే కనపడుతుంది. మ్యాన్‌హోల్‌లో దిగిన మొదటి మనిషి విషవాయువుకు పడిపోతాడు. అతన్ని లాగటానికి రెండోవాడు దిగుతాడు. రెండోవాడి కోసం ఒక్కోసారి మూడోవాడు. మనోస్థైర్యం గురించి మేనేజిమెంటు పుస్తకాలు చెప్పే అన్ని లక్షణాలూ ఆ రెండో మనిషిలో ఉన్నాయి. పక్కవాడిని విడిచిపెట్టని గుణం ఉంది. లేనివి వాయువును కనిపెట్టే పరికరం, నడుముకు తాడు, ముఖానికి మాస్కు. వాళ్ళకు మనోస్థైర్యం నింపాలని ఉపన్యాసాలిచ్చేవాళ్ళు ఇది గమనించాలి. అతనికి నింపవలసిందేమీ లేదు. ఇవ్వవలసినవి ఉన్నాయి. అసలు అతన్ని అందులో దింపకుండా ఉండవలసింది.

దీనికి వేరే దారి చూపింది ఆ పని చేసే సమూహాల నుంచి వచ్చినవాళ్ళే. కోలార్ బంగారు గనుల ప్రాంతంలో పాకీ పని చేసే కుటుంబంలో పుట్టిన బెజవాడ విల్సన్, ఆయన సహచరులు 1990ల్లో మొదలుపెట్టిన సఫాయి కర్మచారి ఆందోళన్ పనిని మెరుగుపరచమని అడగలేదు. పని మానమంది. స్త్రీలు తట్టలను తగలబెట్టారు, పొడి పాయిఖానాలను కూల్చారు. తట్ట తగలబెట్టిన రోజు సాయంత్రం ఆమెకు కూలి లేదు. అయినా ఆ రోజు ఆమె తల ఎత్తుకుని ఇంటికి పోయింది. మెరుగైన తట్ట ఇచ్చి ఉంటే ఇది జరిగేది కాదు.

మన సంఘాల సంగతి

ఇంతదాకా బయటివాళ్ళ గురించి మాట్లాడుకున్నాం. మన సంఘాల గురించి కూడా మాట్లాడుకోకపోతే ఈ వ్యాసం సగమే అవుతుంది. సభకు జనం రాకపోతే 'మనవాళ్ళలో చైతన్యం లేదు' అని నాయకులు తేల్చేస్తారు. యజమాని తన కార్మికుల గురించి అనే మాటకూ దీనికీ తేడా ఏముంది? జనం రాకపోవటానికి కారణాలు చాలాసార్లు మన దగ్గరే ఉంటాయి.

వాడంతా నిలబడి ఉంటే ఒక నాయకుడు రాత్రికి రాత్రి పోలీస్ స్టేషన్‌లో రాజీ కుదుర్చుకు వస్తాడు. రాజీ చెయ్యటం అన్ని వేళలా తప్పు కాదు. అందరితో చెప్పకుండా చెయ్యటం తప్పు. అట్లాంటి ఒక్క రాజీ తర్వాత పదేళ్ళదాకా ఆ వాడలో ఎవరూ ఎవర్నీ నమ్మరు. చందా లెక్క చెప్పకపోవటం కూడా ఇట్లాంటిదే. ఊరేగింపులో ముందు స్త్రీలను నడిపించి, కమిటీలో వాళ్ళను కూర్చోనివ్వకపోవటం ఇంకొకటి. కడవ ఎత్తింది సువార్త అని చెప్పుకుంటాం గానీ, మీటింగులో ఆమెలాంటివాళ్ళు మాట్లాడటానికి ఎంత సమయమిస్తున్నాం?

ఇక ఉపకులాల సంగతి. 1994 జులై 7న ప్రకాశం జిల్లా ఈదుముడిలో దండోరా ఉద్యమం మొదలయినప్పుడు ఐక్యత చెడిపోతుందని చాలామంది బాధపడ్డారు. కానీ అందరూ తిట్టుగా వాడిన మాటను పేరు చివర పెట్టుకుని తిరగటం ఆ సమూహానికి ఎంత మనోస్థైర్యాన్నిచ్చిందో ఆ రోజుల్లో చూసినవాళ్ళకు తెలుసు. వాటా అడగటం వల్ల ఐక్యత చెడదు. వాటా ఇవ్వకుండా ఐక్యంగా ఉండమనటం వల్ల చెడుతుంది. నాడె విషయంలో మిల్లు కార్మికులకు అంబేద్కర్ చెప్పింది మనకూ వర్తిస్తుంది. 2024 ఆగస్టు 1న సుప్రీంకోర్టు వర్గీకరణకు రాజ్యాంగం అడ్డం కాదని చెప్పింది. కోర్టు చెప్పేదాకా ముప్పై ఏళ్ళు మనలో మనం కూర్చుని తేల్చుకోలేకపోయామనేది ఒప్పుకోవలసిన విషయం. అందులో వాటా తగ్గినట్టు భావించేవాళ్ళతో కూడా ఇప్పుడు కూర్చోవాలి.

కాంట్రాక్టు పద్ధతి వచ్చాక ఇంకో గోడ లేచింది. ఒకే వీధిలో ఒకే చీపురు పట్టుకున్న ఇద్దర్లో ఒకరు పర్మినెంటు, ఒకరు ఔట్‌సోర్సింగ్. జీతం వేరు, సెలవులు వేరు, చనిపోతే కుటుంబానికి వచ్చేది వేరు. పర్మినెంటు కార్మికుల యూనియన్ ఈ రెండోవాడి గురించి పట్టించుకోకపోతే, సమ్మె రోజున అతను పనికి పోతే తప్పెవరిది?

ఎట్లా తెలుసుకోవాలి

ఒక సమూహానికి మనోస్థైర్యం ఉందో లేదో తెలుసుకోవటానికి నినాదాల గొంతు కొలవనవసరం లేదు. కొన్ని మామూలు ప్రశ్నలు చాలు. ఒకరి మీద చెయ్యి పడిందని తెలిస్తే ఎంతమంది, ఎంతసేపట్లో వస్తారు? పదిరోజులు పని పోతే ఎవరింట్లో పొయ్యి ముందు ఆరిపోతుందో సంఘానికి తెలుసా, దానికి ఏర్పాటుందా? డబ్బు లెక్క అందరి ముందూ చదువుతారా? నిర్ణయం తీసుకునేచోట స్త్రీలు, అందరికంటే కిందున్న కులంవాళ్ళు ఉన్నారా? ఓడిపోయిన తర్వాత మళ్ళీ కలిసి కూర్చున్నారా? వీటికి జవాబులు దొరికిన చోట చిన్న గెలుపు కూడా పెద్ద బలమవుతుంది. దొరకని చోట పెద్ద సభ కూడా మర్నాటికి చల్లారిపోతుంది.

రేపు పత్రికలో 'మనోస్థైర్యం దెబ్బతింటుంది' అనే వార్త చదివినప్పుడు ఎవరిది అని ఒకసారి అడగండి. ఆ తర్వాత మీ వీధి ఊడ్చే మనిషి పేరేమిటో, ఆమె పర్మినెంటో కాంట్రాక్టో, పోయిన నెల జీతం ఎప్పుడొచ్చిందో తెలుసుకోండి. మన పరిశోధన అక్కడినుంచి మొదలుకావాలి.